మాస్టారిని అడగండి: మోడళ్లు చెప్పినంత వేడెక్కిందా?

పోయిన నెల ఎండల మీద రాసిన జవాబుకు వచ్చిన ఉత్తరాలూ మెయిళ్లూ దాదాపు అన్నీ ఒక్కచోటికే వచ్చి ఆగాయి. కంప్యూటర్ మోడళ్లు చెప్పింది ఒకటి, భూమి మీద జరిగింది ఇంకొకటి కదా అని. అందుకే ఈ నెల మిగతావన్నీ పక్కన పెట్టి ఇదొక్కటే తీసుకున్నాను. ఇన్వర్టర్ బ్యాటరీ గురించి అడిగిన ముగ్గురూ వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మాస్టారూ, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక గ్రాఫ్ తిరుగుతోంది. 1988లో నాసా శాస్త్రవేత్త హాన్సెన్ వేసిన అంచనా ఎర్ర గీత, నిజంగా నమోదైన ఉష్ణోగ్రత నల్ల గీత. ఎర్రది ఎక్కడో పైన ఉంది. కింద "అంచనా మూడు రెట్లు తప్పింది" అని రాశారు. నిజమేనా? (కె.ఎస్., భీమవరం)

జవాబు: గ్రాఫ్‌లో ఉన్న గీతలు నిజమైనవే కావచ్చండీ. లేని గీతల సంగతే మాట్లాడుకోవాలి.

జేమ్స్ హాన్సెన్ 1988 జూన్ 23న అమెరికా సెనేట్ కమిటీ ముందు కూర్చుని, భూమి వేడెక్కడం మొదలైపోయిందని చెప్పారు. అదే ఏడాది అచ్చయిన ఆయన పేపర్లో ఉన్నవి మూడు గీతలు, ఒకటి కాదు. వేడిని పట్టి ఉంచే వాయువుల విడుదల ఏటా 1.5 శాతం చొప్పున పెరుగుతూనే పోతే ఏమవుతుందన్నది ఎ. పెరుగుదల నెమ్మదిస్తే బి. 2000 నాటికి గట్టిగా తగ్గించి, వాటి ప్రభావం ఇక పెరగకుండా ఆపేయగలిగితే సి. మూడింట్లో బి జరగడానికే ఎక్కువ అవకాశం ఉందని కూడా ఆయనే రాశారు. పదేళ్ల తర్వాత, 1998లో, పాట్రిక్ మైకేల్స్ అనే శాస్త్రవేత్త ఈ అంచనానే అమెరికా కాంగ్రెస్ ముందు పెట్టి, బి, సి తీసేసి ఎ ఒక్కటే చూపించారు. మీ గ్రూపులో తిరుగుతున్నది ఆ బొమ్మకు మనవడో మునిమనవడో అయ్యుంటుంది.

సరే, ఎ వదిలేద్దాం. బి సరిపోయిందా అంటే, లేదు, అది కూడా ఎక్కువే చెప్పింది. తర్వాతి ముప్పయ్యేళ్లలో నిజంగా పెరిగినదానికంటే సుమారు సగం ఎక్కువ. పది పెరిగితే పదిహేను అన్నట్టు. మూడు రెట్లు కాదు గానీ, చిన్న తేడా కూడా కాదు. ఈ తేడా ఎక్కడ వచ్చిందో చెప్పడానికి మా ఇంటి పెళ్లి ఒకటి చెప్తాను.

మా మేనకోడలి పెళ్లికి వంటమేస్త్రిని పిలిచి ఐదొందల మంది అన్నాం. ఆయన విస్తరికి ఇంత బియ్యం, ఇంత పప్పు, ఇంత నూనె అని లెక్కేసి సరుకుల చీటీ రాసిచ్చాడు. తీరా ముహూర్తం నాడు పొద్దున్నుంచీ ఒకటే వాన, వచ్చింది మూడొందల యాభై మంది. గంగాళాల్లో అన్నం అలాగే ఉండిపోయింది, మా బావ మేస్త్రి మీద ఎగిరాడు. మేస్త్రి ఒక్క మాటే అన్నాడు, "మనుషుల్ని లెక్కపెట్టింది మీరు, మెతుకులు లెక్కపెట్టింది నేను" అని. తప్పెవరిదో తేల్చాలంటే మిగిలిన అన్నం చూస్తే చాలదు. వచ్చినవాళ్ల తలలు లెక్కపెట్టి, మనిషికి ఎంత పట్టిందో చూసి, దాన్ని చీటీతో పోల్చాలి.

మోడల్ అంచనా కూడా సరుకుల చీటీ లాంటిదే. ఇన్ని వాయువులు గాలిలో చేరితే ఇంత వేడి, అంతవరకే దాని పని. ఎన్ని వాయువులు చేరతాయన్నది భౌతికశాస్త్రం చేతిలో లేదు, ప్రభుత్వాలు, ఫ్యాక్టరీలు, ఒప్పందాలు, యుద్ధాలు, ఇలా ఎవరి చేతుల్లోనో ఉంటుంది. హాన్సెన్ బి దారిలో కార్బన్ డయాక్సైడ్ లెక్క దాదాపు సరిపోయింది. వస్తారనుకుని రాని చుట్టాలు ముఖ్యంగా సీఎఫ్‌సీలూ మీథేనూ. పాత ఫ్రిజ్‌లలోనూ స్ప్రే డబ్బాల్లోనూ వాడిన సీఎఫ్‌సీలు ఓజోన్ పొరను తినేస్తున్నాయని 1987 సెప్టెంబరులో మాంట్రియల్‌లో ఒప్పందం రాసుకున్నారు, తర్వాత వాటి వాడకం పడిపోయింది. మీథేన్ పెరుగుదల 1990లలో నెమ్మదించింది. శుభలేఖలు పంచేశాక ఒక ఊరివాళ్లు మొత్తం ఆగిపోయినట్టు.

అలాగని మేస్త్రిని పూర్తిగా వెనకేసుకు రాను. హాన్సెన్ మోడల్లో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే 4.2 డిగ్రీలు పెరుగుతుంది. వాతావరణ మార్పు మీద ప్రపంచ దేశాలకు నివేదికలిచ్చే ఐపీసీసీ అనే సంస్థ 2021లో ఖాయం చేసిన అంకె 3 డిగ్రీలు, అటూ ఇటూగా 2.5 నుంచి 4 మధ్య. అంటే మనిషికి ఎంత అన్న దగ్గర కూడా ఆయన కొంచెం ధారాళంగానే వేశారు. మిగిలిన అన్నంలో ఎక్కువ వాటా రాని చుట్టాలది, కొంత మేస్త్రిది.

హాన్సెన్ ఒక్కడి సంగతే కాదు. 1970 నుంచి 2007 దాకా అచ్చయిన 17 అంచనాల్ని జీక్ హాస్‌ఫాదర్ అనే శాస్త్రవేత్త తన తోటివాళ్లతో కలిసి 2019లో తిరగదోడారు. ఉన్నవి ఉన్నట్టు పోలిస్తే 10 సరిపోయాయి. వచ్చిన చుట్టాల్ని లెక్కపెట్టి సరిచేశాక 14. ఆ నలుగురు రచయితల్లో ఒకరైన గావిన్ ష్మిట్ ఇప్పుడు నడిపేది ఒకప్పుడు హాన్సెన్ నడిపిన నాసా సంస్థనే, అది కూడా చెప్పాలి. అందుకని కొట్టిపారేయమనడం లేదు, వాళ్ల లెక్కలూ ప్రోగ్రామూ బయటే పెట్టారు, కావాలంటే మీరే వేసుకోవచ్చు.

అన్నట్టు హాన్సెన్ బి దారిలో 1995లో ఒక పెద్ద అగ్నిపర్వతం పేలుతుందని ఊహించి పెట్టారు. ప్రకృతి నాలుగేళ్లు ముందే పేల్చింది. దాని సంగతి కింద వస్తుంది.

ప్రశ్న: రేపు మా ఊళ్లో వాన పడుతుందో లేదో చెప్పలేనివాళ్లు 2050 గురించి చెప్తే నమ్మాలా? (పి.ఆర్., జనగామ)

జవాబు: రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ కాస్తుందని మీ తాత ఏ కంప్యూటరూ లేకుండా చెప్పలేదా? మే 27న మధ్యాహ్నం రెండింటికి మబ్బు పడుతుందా అని అడిగితే మాత్రం ఆయన మిమ్మల్ని కర్రతో తరిమేవాడు. రెండూ రెండు రకాల ప్రశ్నలు. మొదటిది సూర్యుడి నుంచి ఎంత వస్తోంది, భూమి నుంచి ఎంత పోతోంది అన్న జమాఖర్చు. రెండోది ఇవాళ గాలి ఎటు తిరిగింది అన్నదాని మీద ఉంటుంది.

ప్రశ్న: గడిచిపోయిన ఉష్ణోగ్రతలకు సరిపోయేలా మోడల్‌ని సర్దుకుని, తర్వాత "చూశారా, సరిపోయింది" అంటారు. పరీక్ష అయ్యాక జవాబులు రాసినట్టు కాదా? (ఎం., గుంటూరు)

జవాబు: ఈ నెల వచ్చినవాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. మోడళ్లలో సర్దుబాట్లు ఉంటాయి. ముఖ్యంగా మబ్బుల దగ్గర. మోడల్ భూమిని గళ్లుగా విడగొట్టి గడికొక లెక్క వేస్తుంది, మబ్బు ఆ గడి కంటే చాలా చిన్నది కాబట్టి దాని ప్రభావాన్ని సగటున ఒక సూత్రంతో రాస్తారు, ఆ సూత్రంలో మీటలు ఉంటాయి, వాటిని తిప్పుతారు. 1988 నాటి హాన్సెన్ మోడల్లో ఒక్కో గడి ఎంతో తెలుసా? అక్షాంశం 8 డిగ్రీలు, రేఖాంశం 10 డిగ్రీలు. కొలతకు చూస్తే ఆంధ్రా, తెలంగాణా రెండూ కలిపి ఒక్క గడిలో కూర్చుంటాయి. అరకు చలీ, రామగుండం ఎండా, నెల్లూరు తుపానూ, అన్నిటికీ కలిపి ఒకటే అంకె. ఇప్పటి గడులు చాలావాటిలో 100 కిలోమీటర్ల దగ్గరికి వచ్చాయి, అయినా మబ్బుకు అది పెద్ద సంచే.

కాబట్టి మీరన్నట్టు, పరీక్షకు ముందే రాసిన జవాబులు మాత్రమే చూద్దాం. 1972లో జాన్ సాయర్ అనే బ్రిటిష్ వాతావరణ శాస్త్రవేత్త, శతాబ్దం చివరికి 0.6 డిగ్రీలు పెరుగుతుందని రాశారు. అప్పటికి భూమి వేడెక్కుతున్న జాడ కూడా సరిగ్గా కనపడటం లేదు, కొన్ని పత్రికలైతే చల్లబడుతోందని రాస్తున్నాయి. 2000 వచ్చేసరికి పెరుగుదల దాదాపు అక్కడికే వచ్చింది.

అంతకంటే ముందు, 1967లో, స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ కలిసి వేసిన లెక్క ఉంది. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే నేల దగ్గర 2.3 డిగ్రీలు వేడెక్కుతుంది, కానీ బాగా ఎత్తున ఉండే స్ట్రాటోస్ఫియర్ అనే గాలి పొర చల్లబడుతుంది అన్నారు. ఇది మామూలు బుర్రకు తట్టే సంగతి కాదు. సూర్యుడే ఎక్కువ మండుతుంటే పైనా కిందా రెండూ వేడెక్కాలి కదా. ఆ లెక్క వేసినప్పుడు పైన ఎలా ఉందో ఏళ్ల తరబడి కొలిచే ఉపగ్రహాలే లేవు. అవి వచ్చాక చూస్తే పైన చల్లబడుతూనే ఉంది. దిగువ స్ట్రాటోస్ఫియర్లో ఓజోన్ తగ్గడం వల్ల కూడా కొంత చల్లబడింది, ఇంకా పైకి వెళ్తే కార్బన్ డయాక్సైడ్ పనే ఎక్కువ. మనాబేకి 2021లో నోబెల్ ఇచ్చారు, అప్పటికి ఆయన వయసు 90.

ఇక అగ్నిపర్వతం. 1991 జూన్ 15న ఫిలిప్పీన్స్‌లో పినటుబో పేలి, కోటిన్నర టన్నుల పైన సల్ఫర్ డయాక్సైడ్ ఆకాశంలోకి చిమ్మింది. హాన్సెన్ బృందం ఊరుకోకుండా మోడల్ నడిపి, 1992 చివరి నాటికి భూమి సుమారు అర డిగ్రీ చల్లబడి, 1995కల్లా కోలుకుంటుందని 1992 జనవరిలోనే అచ్చు వేయించింది. తప్పితే రెండేళ్లలో పరువు పోయే పందెం అది. అలాగే చల్లబడింది, అలాగే కోలుకుంది. అప్పటిదాకా మోడళ్ల మీద నాకూ మీలాగే అనుమానాలు ఉండేవి, పినటుబో దగ్గరే నేను కొంచెం మెత్తబడ్డాను.

ప్రశ్న: 1998 నుంచి పదిహేనేళ్లు భూతాపం ఆగిపోయిందని అప్పట్లో గోల జరిగింది కదా సార్. మోడళ్లు దాన్ని ఎందుకు పట్టుకోలేదు? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: పట్టుకోలేదు. ఐపీసీసీ 2013 నివేదికలోనే ఒప్పుకుంది, మోడళ్లను 114 సార్లు నడిపి చూస్తే 111 సార్లు ఆ పదిహేనేళ్లకు నిజంకంటే ఎక్కువ చెప్పాయని.

కానీ ముందు ఈ నాలుగు అంకెలు చూడండి, ఆ నివేదికలోవే. పదిహేనేళ్ల చొప్పున తీసుకుని పదేళ్లకు ఎంత పెరిగిందో లెక్కేస్తే, 1995 నుంచి మొదలుపెడితే 0.13 డిగ్రీలు, 1996 నుంచి 0.14, 1997 నుంచి 0.07, 1998 నుంచి 0.05. మొదలుపెట్టే ఏడాది రెండేళ్లు జరిపితే పెరుగుదల మూడో వంతుకు పడిపోయింది. 1998 భారీ ఎల్ నినో ఏడాది, అంటే పసిఫిక్ సముద్రం పైనీళ్లు వేడెక్కి భూమి సగటును పైకి నెట్టిన ఏడాది, పెద్ద గుట్ట. గుట్ట ఎక్కి నిలబడి చూస్తే ముందున్న దారంతా పల్లంగానే కనిపిస్తుంది. పదిహేనేళ్ల గీతతో ఎవరు ఏది నిరూపించబోయినా, అటువైపువాళ్లైనా ఇటువైపువాళ్లైనా, నేను చదవడం మానేస్తాను.

కొలతల్లోనూ చిల్లులున్నాయి. అన్నిటికంటే వేగంగా వేడెక్కుతున్నది ఉత్తర ధ్రువం, అక్కడ థర్మామీటర్లు తక్కువ, అప్పటి బ్రిటిష్ పట్టికలో ఆ భాగం చాలావరకు ఖాళీగానే ఉండేది. కెవిన్ కౌటన్ అనే ఆయన, వృత్తికి స్ఫటికాల మీద పనిచేసే మనిషి, రాబర్ట్ వే అనే ఇంకొకాయనతో కలిసి ఆ ఖాళీ పూరించి 2013లో చూపిస్తే, ఆగిపోయిందన్న పెరుగుదలలో మంచి భాగం తిరిగొచ్చింది. మిగతాది పసిఫిక్ సముద్రం వేడిని కిందికి లాక్కోవడం. తర్వాత 2015, 2016 వచ్చాయి, ఆ గోల అక్కడితో సద్దుమణిగింది.

ప్రశ్న: ఇక్కడ మా ఆఫీసులో ఒకాయన ఉపగ్రహాల గ్రాఫ్ చూపించి మోడళ్లన్నీ ఫెయిల్ అంటాడు. ఉపగ్రహం అబద్ధం చెప్పదు కదండీ? (వి., డాలస్)

జవాబు: ఉపగ్రహం దగ్గర థర్మామీటర్ ఉండదు. గాలిలోని ఆక్సిజన్ వెలువరించే మైక్రోవేవ్‌ని పట్టుకుని, దాన్నుంచి ఉష్ణోగ్రత లెక్కగడతారు. అంటే అదీ ఒక రకంగా మోడలే. పైగా అది చెప్పేది మీరు నడిచే నేల మీద సంగతి కాదు, కిలోమీటర్ల మందం ఉన్న గాలి పొర సంగతి. మీ ఆఫీసాయన చూపించింది అలబామా విశ్వవిద్యాలయంలో జాన్ క్రిస్టీ తయారుచేసిన గ్రాఫే అయితే, అది సాధారణంగా ట్రోపోస్ఫియర్, అంటే నేలను ఆనుకుని ఉండే గాలి పొర, నడిమి భాగానిది.

క్రిస్టీ, రాయ్ స్పెన్సర్ల లెక్కలో మొదట్లో పెరుగుదల దాదాపు లేనే లేదు. ఉపగ్రహం కక్ష్య నెమ్మదిగా కిందికి జారుతోందని 1998లో వేరేవాళ్లు పట్టుకున్నారు. రోజులో ఏ వేళకు కొలుస్తోందన్నది జరిగిపోతున్నందుకు చేసిన దిద్దుబాటులో తప్పుందని 2005లో బయటపడింది. రెండూ సరిచేశాక వాళ్ల లెక్క కూడా పైకే వెళ్లింది. ఇప్పుడు వాళ్ల దిగువ పొర లెక్క పదేళ్లకు సుమారు 0.15 డిగ్రీలు, ఆ ఉపగ్రహాలనే వాడే ఇంకో బృందానిది అంతకంటే ఎక్కువ.

అయినా మీ ఆఫీసాయన దగ్గర ఒక పాయింట్ ఉంది, ఒప్పుకోండి. ఉష్ణమండలం మీద, ఎత్తులో, మోడళ్లు నిజంకంటే ఎక్కువ వేడెక్కిస్తున్నాయి. ఐపీసీసీ కూడా ఆ మాట రాసింది. అది ఫెయిల్ అయిన సబ్జెక్టు, దాన్ని చూపించి మొత్తం మార్కుల కాగితం చింపేయడమే నాకు నచ్చనిది.

ప్రశ్న: 2023లో మోడళ్లు తక్కువ చెప్పాయట, కొత్త మోడళ్లేమో ఎక్కువ చెప్తున్నాయట. ఏదో ఒకటి చెప్పండి మాస్టారూ, టెన్షన్ పెట్టకండి. (డి., విశాఖపట్నం)

జవాబు: రెండూ నిజమేనమ్మా. కొత్త తరం మోడళ్లలో కొన్ని, కెనడాదీ బ్రిటన్‌దీ వాటిలో ఉన్నాయి, కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే 5 డిగ్రీలకు పైనే అన్నాయి. మళ్లీ మబ్బుల దగ్గరే పేచీ. గతంతో పోల్చి చూసి 2021లో ఐపీసీసీ అన్ని మోడళ్లకూ ఒకే మార్కు వేసి సగటు తీసే పాత పద్ధతి మానేసి, గతానికి సరిపడనివాటి మాటకు విలువ తగ్గించింది. నా ఉద్దేశంలో చాలా ఏళ్ల కిందటే చేయాల్సిన పని.

2023 సంగతి దీనికి తలకిందులు. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కన 1850–1900 సగటు కంటే ఆ ఏడాది 1.45 డిగ్రీలు, 2024లో 1.55. ఏడాది మొదట్లో వేసిన అంచనాలకు 2023 సుమారు 0.2 డిగ్రీలు పైన ఉందని, అదెందుకో తమకు పూర్తిగా అంతుపట్టలేదని గావిన్ ష్మిట్ 2024 మార్చిలో బాహాటంగా రాశారు. ఎల్ నినో ఒక కారణం. 2020 నుంచి ఓడల ఇంధనంలో సల్ఫర్ 3.5 శాతం నుంచి 0.5కి తగ్గించారు, దాంతో సముద్రం మీద ఎండను తిప్పికొట్టే మబ్బులు పల్చబడ్డాయన్నది ఇంకో మాట. ఎవరి వాటా ఎంతన్నది ఇంకా తేలలేదు. మోడల్ తక్కువ చెప్పి భూమి ఎక్కువ వేడెక్కినప్పుడు ఆ గ్రాఫ్ ఏ అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ తిరగలేదు, గమనించారా?

ప్రశ్న: 2050లో మా ఖమ్మంలో మే నెల ఎండ ఎంత ఉంటుంది? ఇల్లు కట్టుకుంటున్నాను. (టి.ఎన్., ఖమ్మం)

జవాబు: అంకె చెప్పను. చెప్పేవాళ్లు ఉంటారు, డబ్బు తీసుకుని రంగుల మ్యాపుతో సహా ఇస్తారు, కొనకండి. భూమి మొత్తం సగటు దగ్గర మోడళ్లకు ఉన్న నమ్మకం జిల్లా దగ్గరికి వచ్చేసరికి కరిగిపోతుంది. మన దేశమే చూడండి, 1901 నుంచి 2018 దాకా సగటున 0.7 డిగ్రీలే పెరిగింది, ప్రపంచపు నేల సగటు కంటే బాగా తక్కువ. మన పొగా దుమ్మూ ఎండను కొంత ఆపుతున్నాయి. వానల దగ్గర ఇంకా కష్టం. 1951 నుంచి 2015 మధ్య నైరుతి వానలు సుమారు 6 శాతం తగ్గాయి, వేడి పెరిగితే వాన పెరగాలన్నది మోడళ్ల మాట. పుణెలోని ఐఐటీఎం అనే వాతావరణ పరిశోధన సంస్థ వాళ్లు మన రుతుపవనాల మీద దృష్టి పెట్టి సొంతంగా ఒక మోడల్ కట్టారు, అంతర్జాతీయ పోలికలోకి వెళ్లిన మొదటి భారతీయ మోడల్ అదే, అయినా అది కూడా మీ వీధి దాకా రాదు. ఇప్పటికంటే వేడిగా ఉంటుందన్నది పట్టుకుని, పడమటి గోడకు నీడ చూసుకోండి, పైకప్పుకు తెల్ల సున్నం మర్చిపోకండి.

ప్రశ్న: సార్, సైన్స్ ప్రాజెక్టుకి హాన్సెన్ గ్రాఫ్ నేనే గీయొచ్చా? ఎలా మొదలుపెట్టాలి? (పదో తరగతి విద్యార్థిని, పాలకొండ)

జవాబు: గీయొచ్చమ్మాయ్, కంప్యూటర్ కూడా అక్కర్లేదు. నాసా ఏటా సగటు ఉష్ణోగ్రతల పట్టిక ఉచితంగా పెడుతుంది, 1960 నుంచి 2024 దాకా రాసుకో. అవి 1951–1980 సగటు కంటే ఎంత ఎక్కువో తక్కువో చెప్పే అంకెలు. హాన్సెన్ గీతకు కూడా అదే సున్నా పెట్టు, ఏదో ఒక ఏడాది దగ్గర రెండు గీతల్నీ ముడేయకు, అక్కడే అందరూ మోసం చేసేది, తెలిసో తెలియకో. గ్రాఫ్ పేపర్ మీద నిలువుగా 0.1 డిగ్రీకి ఒక సెంటీమీటరు, అడ్డంగా ఏడాదికి రెండు మిల్లీమీటర్లు తీసుకుంటే ఒక్క పేజీలో పట్టేస్తుంది. ఎ, బి, సి మూడూ గీయి, ఒక్కటీ వదలకు. నల్ల పెన్సిల్‌తో వస్తూ వస్తూ 1990లో 0.45 దగ్గర ఉంటావు, 1992కి వచ్చేసరికి 0.22కి దిగిపోతుంది. తప్పు పెట్టాననుకుని రబ్బరు తీయకు, అది పినటుబో.